తింటి అన్న మాట

ఎమ్మిగనూరు నేతవాడలో కండెలు చుట్టే హులిగమ్మ నోట పూటపూటా తప్పక వెలువడే మాట ఒకటుండేది: "తింటి." ఆ మాటలో కర్త ఉంది, క్రియ ఉంది, ఏమి తిన్నదో చెప్పే కర్మ మాత్రం ఏనాడూ లేదు.

యాభై రెండు కరువు ఏట ఆ మాటే ఆమె సంసారాన్ని నిలబెట్టింది. గంజి కేంద్రం దగ్గర ఎండలో నిలిచి తెచ్చిన ముంతెడు గంజిని మగడు దుర్గప్పకూ, మూడేండ్ల ముత్తమ్మకూ పోసి, తాను ముంత కడిగిన నీళ్లు తాగి, మూతి తుడుచుకొని "తింటి" అనేది. తరువాత వానలు పడ్డాయి. దుర్గప్పకు ఆదోని జిన్నింగు మిల్లులో పని దొరికి, వారానికొకసారి ఇల్లు చేరేవాడు. మూలనున్న గుమ్మి జొన్నలతో నిండింది. కరువు పోయింది గాని మాట పోలేదు. బిడ్డకు రొట్టె పెట్టి తాను కుండ గోకుకొనేది. కడుపునిండా తింటే కరువు మళ్లీ వాకిట నిలుస్తుందని ఆమెకు లోలోపల భయం.

యాభై ఏడు శ్రావణంలో ముత్తమ్మ చిక్కిపోసాగింది. లేచి నిలబడితే కళ్లు తిరిగేవి. హులిగమ్మ దిష్టి తీసింది, తాయెత్తు కట్టించింది, దేవరగట్టు మల్లయ్యకు మొక్కుకొన్నది. పిల్ల నడవలేని నాడు చంకన వేసుకొని ఆసుపత్రికి పరుగెత్తింది.

డాక్టరు పిల్ల కంటిరెప్ప కిందికి లాగి చూశాడు. "ఒంట్లో రక్తమే లేదు. సరిగ్గా తింటున్నదా?"

"తింటాంది సామీ. అడిగినప్పుడల్లా తింటి అంటాది."

"అడుగుతావు, సరే. చూస్తావా?"

హులిగమ్మ బిడ్డను ఒడిలోకి లాక్కొన్నది.

"ఇంకో వారం ఇట్లే గడిస్తే, నా మందు పనిచేయదు" అన్నాడాయన.

హులిగమ్మ ఇంటికి వచ్చి రొట్టె కాల్చి బిడ్డ చేతికిచ్చి, నీళ్లకు పోతున్నట్లు బయటికి నడిచి, తలుపు వెనుక నిలిచింది. ముత్తమ్మ గోరంత తుంచి నోట వేసుకొన్నది. మిగిలినది పట్టుకొని, గోడ వెంబడి గుమ్మి దాకా పాకి, జొన్నల్లోకి దోపింది.

హులిగమ్మ వచ్చి గుమ్మిలో మోచేతి దాకా చేయి పెట్టింది. రొట్టెలు! పెంకుల్లా ఎండినవి, బూజు పట్టినవి, ఎన్నో.

"ఏం తక్కువ సేస్తినే నీకు, పాపిష్టిదానా!" చేయి లేచింది.

పిల్ల ఏడవలేదు. "నీకోసమేమ్మా. మళ్లా కరువొస్తే నువ్వు సస్తావని దాసిపెడితి."

కేక విని వచ్చిన పొరుగింటి మద్దమ్మ గుమ్మం దగ్గరే బుగ్గ నొక్కుకొన్నది. "తల్లి సదువు బిడ్డకు బాగనే వంటబట్టె! ఇంగ బడికి తోల్నక్కర్లేదులే, హులిగీ."

"నాకెందుకే? నేను తింటి కదా" అన్నది హులిగమ్మ, అలవాటుగా.

"ఏం తింటివి?" అన్నది ముత్తమ్మ.

అయిదేండ్లలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. హులిగమ్మ చూపు తాను గోకి బోర్లించిన కుండ మీదికి పోయింది.

మద్దమ్మ వెళ్లిపోయింది. హులిగమ్మ వేడి రొట్టె ఒకటి తీసుకొని బిడ్డ ఎదుట చతికిలబడి, ఒక ముక్క బిడ్డ చేతికిచ్చి, ఒకటి తాను నోట పెట్టుకొన్నది. తనకు తెలియకుండానే చేయి మిగిలిన రొట్టెను కొంగులోకి చేరవేస్తున్నది. పిల్ల కళ్లు ఆ చేతినే చూస్తున్నాయి. హులిగమ్మ కొంగు విప్పి రొట్టెను మళ్లీ బయటికి తీసి, ఏడుస్తూ నమిలింది, నీళ్లతో దింపుకొన్నది.

తల్లి గొంతు కదిలాక గాని ముత్తమ్మ తన ముక్క మింగలేదు. అట్లా తల్లి ఒకటి, బిడ్డ ఒకటి. నాలుగు ముక్కలకే పిల్ల సోలి, తల్లి ఒడిలో కళ్లు మూసింది. డాక్టరు చెప్పిన వారంలో ఇంకా ఆరు దినాలున్నాయి.

సాయంత్రం మద్దమ్మ మళ్లీ తొంగిచూసింది. "నువ్వన్నా తింటివా, హులిగీ?"

పాత మాట పెదవుల దాకా వచ్చి ఆగింది. హులిగమ్మ ఒడిలోని బిడ్డ ఊపిరి వింటూ, "రొట్టె తింటి" అన్నది. ఒక క్షణమాగి సరిదిద్దుకొన్నది: "అర రొట్టె."