జవాబు కోసం ఆగే మనిషి

మా తాతముత్తాతలు ఎయిర్‌పోర్టు పక్కనున్న పాల్మాకులలో పటేళ్లు, ఊరికి పెద్దలు. వారి ముందు పిల్లలు నోరు విప్పేవారు కాదు. అందుకే మూడేళ్లు నిండినా మనవడికి మాట రాకపోతే, అది మా ఇంటి మర్యాద అనుకున్నాను. కొడుకూ కోడలూ వాడి చేతికి ఫోనిచ్చి అన్నం తినిపించేవారు.

ముందు గదిలో కిరాయికున్న అమ్మాయి ఎయిర్‌పోర్టులో ఊడ్చే పని చేసేది. అన్నం తినిపిస్తూ తన బిడ్డను ఏదైనా అడిగితే, జవాబు వచ్చేదాకా ముద్ద చేతిలో పట్టుకుని ఆగేది. తర్వాత మావాణ్ణీ పక్కన కూర్చోబెట్టుకుంది.

"విమానం ఎటు పోతున్నదిరా, చిన్న పటేలా?"

"గంతసేపు ఆగుడెందుకమ్మా? వాడు చెప్పడు," అన్నాను.

"చెప్తడు పటేలా. మీరే జర సప్పుడు జెయ్యకున్రి."

నెలరోజులు అడిగింది, ఆగింది. ఒక పొద్దున వాడు వేలు చూపి, "గటు," అన్నాడు. నేనూ అరుగు మీద వాడి పక్కన కూర్చుని, ఇంకో విమానం కోసం ఆగాను.

ఆ గదీ, అరుగూ ఉన్న ఇల్లు కిందటేడు అమ్మేశాం; జవాబు కోసం ఆగడం మాత్రం నాకు అలవాటైపోయింది.