గిరిబాబు చేసిన డిగ్రీల పెట్టె

గిరిబాబుకు చదివేవాళ్లంటే చులకన. మందు సీసా మీది చీటీ చదివేవాడైనా, సంతకం పెట్టేముందు కాగితం వెనక్కి తిప్పేవాడైనా, బస్సు ముందు నిలబడి బోర్డు చూసేవాడైనా అతనికి ఒకటే. "తెలిసినవాడికి చదవాల్సిన పనేముంది?" అని పెదవి విరిచేవాడు. ఒకసారి పార్వతీపురం వెళ్లాల్సినవాడు సాలూరులో దిగాడు. ఆ డ్రైవరుకు దారి తెలియదని ఇప్పటికీ చెబుతాడు.

సొంతూరు గజపతినగరం. పాలిటెక్నిక్ చదువు ఎలాగో గట్టెక్కించి, విజయనగరంలో కోటకు దగ్గర్లో ఒక గది అద్దెకు తీసుకున్నాడు. బయటి బోర్డు గదికన్నా పెద్దది. లోపల ప్రింట్లు తీస్తాడు, చచ్చిన ల్యాప్‌టాప్‌లు బతికిస్తాడు, కాలేజీ పిల్లలకు ప్రాజెక్టులు రాసిపెడతాడు. వాళ్లకు అతను నేర్పే విద్య ఒక్కటే. నెట్‌లోంచి నాలుగు లైన్లు ఎత్తుకురావాలి, నడిపించాలి, తెర మీద అంకె కనబడగానే లేచిపోవాలి.

"అంకె వచ్చిందా? వచ్చింది. ఇంకేం కావాలి నీకు?" అంటాడు.

విజయనగరం వచ్చాక 'ఏమిటి'కి 'ఏటి' అనడం మానేశాడు. టీవీలో వార్తలు చదివేవాళ్లలా మాట్లాడటం పట్టుకున్నాడు. ఇంటికి వెళ్తే తల్లి నారాయణమ్మ, "ఒరే, ఆ బాస ఇప్పి గుమ్మం బయిట ఎట్టీసి లోపలికి రా" అనేది.

అతని మాటకు మాట అప్పజెప్పేవాడు ఒక్కడే, బావ అప్పలసూరి. అక్క తాయారు మొగుడు. నౌపడలో ఉప్పుమడులు చేస్తాడు. ఇద్దరి మధ్యా పగేమీ లేదు. బావా బావమరుదులన్నాక ఒకరినొకరు దించడమే మర్యాద అనుకున్నారు, అంతే. ఏ పెళ్లి పంక్తిలో కూర్చున్నా అదే వరస. ఒక పెళ్లిలో మాట ఇలా ముదిరింది.

"నీ జెరాక్సు బడ్డీ ఎలగున్నాదిరా, బామ్మర్దీ?"

"బడ్డీ కాదు బావా, టెక్నాలజీ. నీకు అర్థం కాదులే. ఉప్పునీళ్లలో కాళ్లు నానబెట్టుకునేవాడివి."

"నా కాళ్లు నానితేనే నీ కూరకి రుసి వస్తాది. నీ టెకనాలజీ నాకి సూడు, ఏ రుసుంటాదో."

పంక్తంతా నవ్వింది. గిరిబాబు సగం విస్తట్లోంచి లేచిపోయాడు. డిగ్రీల పెట్టె ఆలోచన ఆ రోజు పుట్టింది.

ఉప్పు పండించేవాళ్లకు నీటి చిక్కదనమే ప్రాణం. తోడి పోసిన సముద్రపు నీరు పై మడిలో ఎండకు చిక్కబడాలి. ఆ చిక్కదనం ఇరవై అయిదు డిగ్రీలకు వస్తే నీరు పండినట్టు. అప్పుడు తూము తీసి కింది మడిలోకి వదులుతారు. అక్కడ ఉప్పు పేరుకుంటుంది. పండని నీరు వదిలితే కొత్త ఉప్పు దిగదు సరికదా, అప్పటికి పేరుకున్నది కూడా కరిగిపోతుంది. డిగ్రీ చూడటానికి అప్పలసూరి దగ్గర ఒక గాజు గొట్టం ఉండేది. నీళ్లలో వేస్తే నిలువుగా తేలుతుంది. ఎంతవరకు మునిగిందో అక్కడి గీతే డిగ్రీ.

"ఇదా నీ సైన్సు?" అని, నౌపడ వచ్చినప్పుడు గిరిబాబు దాన్ని జేబులో వేసుకుపోయాడు. ఇకమీద తన పెట్టే చూస్తుందన్నాడు. షాపులో పెన్నుల డబ్బాలో నిలబెట్టాడు, వచ్చినవాళ్లకు చూపించి నవ్వడానికి.

అతని పెట్టెలో నీటి చిక్కదనం పసిగట్టే ఒక సెన్సరు, ఒక చిన్న కంప్యూటరు బోర్డు, ఎర్రటి అంకెల తెర ఉన్నాయి. సెన్సరును తయారుచేసినవాళ్లు దానితో మాట్లాడటానికి ఒక లైబ్రరీని, అంటే సిద్ధంగా ఉన్న ప్రోగ్రాముల కట్టను, సి అనే కంప్యూటరు భాషలో రాసి ఇచ్చారు. గిరిబాబు లెక్కలో సి ముసలివాళ్ల భాష. ఇది ఏ రకం, అది ఏ రకం అని ప్రతిదానికీ సంజాయిషీ అడుగుతుంది. కొత్త భాష పైథాన్ ఏమీ అడగదని అతనికి పైథాన్ మీద ప్రేమ. పైథాన్‌లోంచే ఆ సి లైబ్రరీని తెరిచి, అందులోని నీటి డిగ్రీ చెప్పే ఫంక్షన్‌ను పేరు పెట్టి పిలవచ్చు. తెరవడానికి ఒక లైను, పిలవడానికి ఒక లైను. రెండూ నెట్‌లో దొరికాయి.

నడుమ ఇంకో లైను ఉండాలి. సి ఫంక్షన్ ఎలాంటి సంఖ్యను తిరిగి ఇస్తుందో పైథాన్‌కు తనంతట తాను తెలియదు. ముందుగా చెప్పాలి. చెప్పకపోతే పూర్ణాంకమే వస్తుందనుకుంటుంది. ఈ ఫంక్షన్ ఇచ్చేది దశాంశ సంఖ్య. ప్రాసెసరులో దశాంశాలకు ఒక అర, పూర్ణాంకాలకు వేరే అర. చెప్పనివాడి కోసం పైథాన్ తప్పు అరలో చెయ్యి పెడుతుంది. అక్కడ పాత పనిలో మిగిలిపోయింది ఏదుంటే అదే జవాబని తెచ్చి ఇస్తుంది. లైబ్రరీతో వచ్చిన హెడర్ ఫైల్లో ఆ ఫంక్షన్ ఏ రకం సంఖ్య ఇస్తుందో మొదట్లోనే రాసి ఉంది. గిరిబాబు ఆ ఫైలు తెరవలేదు. తెరవకపోవడం అతని గొప్ప.

పరీక్ష కోసం అప్పలసూరి కూల్‌డ్రింకు సీసా నిండా పండిన నీరు పట్టుకుని నౌపడ నుంచి పాసింజరులో వచ్చాడు. సెన్సరు ముంచారు. తెర మీద 25 వెలిగింది.

ఆ ఇరవై అయిదు నీటిది కాదు. సెన్సరు ప్రతిసారీ పంపే సందేశం పొడవు ఇరవై అయిదు అక్షరాలు. చదివిన అక్షరాల లెక్క తప్పు అరలో మిగిలిపోయి ఉంది. పైథాన్ దాన్ని తెచ్చి ఇచ్చింది.

"ఇప్పుడేమంటావు బావా?"

అప్పలసూరి తెర చూశాడు. బల్ల మీద మంచినీళ్ల గ్లాసు ఉంది. దాని వంక చూశాడు. గిరిబాబూ చూశాడు.

"అందులో కూడా ముంచి చూపించమంటావా?" అన్నాడు గిరిబాబు, సెన్సరును తుడిచి పెట్టెలో సర్దేస్తూ.

"ఎందుకురా. నీ మాట నాకు సాలదేటి?" అన్నాడు అప్పలసూరి, చాలదన్నట్టు నవ్వుతూ.

ముంచమని అడిగితే బావ తగ్గినట్టు. అడక్కుండా ముంచితే బామ్మర్ది తగ్గినట్టు. గ్లాసు అలాగే ఉండిపోయింది.

సెన్సరును నీళ్లలోకి వదిలి, పెట్టెను పై మడి గట్టున పాతారు. తాయారు దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. ఆ రోజు నీరు నిజంగానే పండి ఉంది. తూము తీస్తే కింది మడిలో మల్లెపూవులాంటి ఉప్పు దిగింది. గిరిబాబు ఆ ఉప్పు పక్కన నిలబడి ఫొటో దిగి ఊరందరి ఫోన్లకూ పంపాడు. చుట్టుపక్కల మడులు చేసేవాళ్లను, వాళ్ల పెద్ద సూరయ్యను, ఒక ఉదయం వచ్చి చూడమని పిలిచాడు. అందరికీ పెట్టెలు తనే చేసి ఇవ్వాలని అతని ఆశ.

వాళ్లు వచ్చే ముందురోజు సాయంత్రం గాలివాన కొట్టింది.

తెల్లారేసరికి ఎండ కాసింది. పై పొర కరిగినా కింది మడిలో ఉప్పు తళతళలాడుతోంది. అది ఆ ఏటికి చివరి పంట. ఇంకొక్క తడి పండిన నీరు అందితే గట్టు మీదికి లాగేయొచ్చు. వానాకాలమంతా ఆ ఇల్లు తినేది ఆ గుట్ట మీదే. తెర మీద 25 వెలుగుతోంది.

"నిన్న వాన పడ్డాది గదరా. నీరు పలసబడి ఉంటాది," అన్నాడు అప్పలసూరి.

"మిషన్ చూడు బావా. ఇరవై అయిదు."

"వాన పడితే తగ్గాలి గదా."

"తగ్గలేదంటే ఎండ లాగేసిందన్నమాట. నువ్వు ఆకాశం చూస్తావు, అది నీళ్లు చూస్తుంది. నీకూ దానికీ అదే తేడా."

సూరయ్య చుట్ట తీసి నవ్వాడు. "ఏటి సూరీ, బామ్మర్ది మిషను మీద నమ్మకం నేదేటి? మమ్మల్నెందుకు పిలిసినారు మరి?"

"ఒద్దయ్యా," అంది తాయారు గట్టు మీంచి. "రెండ్రోజులు ఆగితే ఏటి పోతాది?"

ఆగితే పోయేది ఇద్దరిలో ఒకరి మాట. గిరిబాబు చేతులు కట్టుకుని, సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు, ఇంతకన్నా వివరించడం తన స్థాయి కాదన్నట్టు. అప్పలసూరి అతని వీపు వంక చూశాడు. లుంగీ ఎగ్గట్టాడు.

"తీస్తాను. అందరూ సూడండి. పోతే నా బామ్మర్ది పేరు సెప్పుకుని పోతాది."

తూము తీశాడు. నీరు మెల్లగా తెలుపు మీదికి పాకింది. టీలు వచ్చాయి. గిరిబాబు టెక్నాలజీ గురించి మాట్లాడాడు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి మడి అంచుల్లో నల్లటి మట్టి తేలింది. ఇంకాసేపటికి మధ్యలోనూ తేలింది. ఎవరూ టీ గ్లాసులు కింద పెట్టలేదు.

"మట్టిలో ఏదో లోపముంది బావా," అన్నాడు గిరిబాబు.

తాయారు దిగివచ్చింది. సెన్సరును నీళ్లలోంచి లాగింది. చీరచెంగుతో తుడిచి, తాగడానికి తెచ్చుకున్న మంచినీళ్ల చెంబులో ముంచింది.

25.

"ఓరి నాయనా," అన్నాడు సూరయ్య. "అయితే మా యింట్లో కుండ కూడా పండిపోనాది. బేగి ఎల్లి ఉప్పు లాక్కోవాలి."

గట్టంతా ఒకటే నవ్వు. అప్పలసూరి నవ్వలేదు. గిరిబాబు చెంబులోకి తొంగి చూశాడు.

"ఇదేటప్పా," అన్నాడు. విజయనగరం వచ్చాక మానేసిన భాష తనంతట తానే అతన్ని వెతుక్కుంటూ వచ్చింది.

పెట్టె చంకలో పెట్టుకుని పాసింజరు ఎక్కాడు. దారి పొడుగునా ఎవరివో ఉప్పు గుట్టలు, తాటాకులు కప్పి ఉన్నాయి. కిటికీ మూసేశాడు. షాపులో మొదటిసారి హెడర్ ఫైలు తెరిచాడు. ఫంక్షన్ పేరుకు ముందు 'డబుల్' అని ఉంది. అంటే దశాంశం. తీసుకొచ్చేది దశాంశమని పైథాన్‌కు ఒక్క లైను రాశాడు. సెన్సరును మంచినీళ్ల గ్లాసులో ముంచాడు. సున్నా. గుప్పెడు ఉప్పు కలిపాడు. అంకె మెల్లగా ఎక్కింది. దాన్ని చూసి సంతోషపడ్డాడు కూడా. వెంటనే ఫోను చేశాడు.

"అక్కా, బాగైపోయింది. ఆ లైబ్రరీ రాసినవాడిదే తప్పు. చిన్న లైను అంతే. ఇప్పుడు సరిగ్గా చూపిస్తోంది, బావకు చెప్పు."

"ఇప్పుడు ఏటి సూపిస్తాదిరా? మడిలో ఏటున్నాదని?"

గిరిబాబు గ్లాసులోంచి సెన్సరును తీసి తుడిచాడు.

"ఆ గాజు గొట్టం ఉన్నాదా, ఇరగ్గొట్టీసావా?"

"ఉంది."

"అది అంపించీ. మీ బావ మళ్లీ నీరెక్కిస్తన్నాడు. మబ్బు దిగీలోగా ఎంత పండితే అంత."

"రేపు నేనే తెస్తాను."

"నువ్వు రాకు. గొట్టాన్నే అంపు."

మర్నాడు గొట్టాన్ని పెన్నుల మధ్య నుంచి తీశాడు. దాని గీతల మీద సిరా మరకలు. తుడవకుండానే పాత పేపరులో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, బస్టాండులో పార్సిళ్లు తీసుకునే చోటికి తీసుకెళ్లాడు. అక్కడ కూర్చున్నామె పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసింది.

"లోపలేటున్నాది బాబూ?"

"గాజు సామాను."

"అయితే పైన ఆ ముక్క రాయండి. రాయకపోతే ఎత్తీవోడికి ఎలగ తెలుస్తాది? మూటల కిందెట్టీస్తాడు."

అంతమాత్రం తనకు తెలియదా అన్నట్టు గిరిబాబు పెన్ను అందుకున్నాడు. తన షాపు పేరు రాశాడు, ఈ చివర నుంచి ఆ చివర దాకా, పెద్ద అక్షరాల్లో. మరో ముక్కకు చోటు లేదు.