అందిందన్న కేక

రాజంపేటలో అనంతయ్య కిరాణా అంగడికి ఒక కట్టుబాటు ఉండేది. సరుకుల చీటీ గోడౌనుకు పంపాక ఆయన ఊరికే నిలబడడు, తర్వాత వచ్చినవాళ్లతో మాట్లాడతాడు. కానీ సరుకు తీసిపెట్టామని లోపలినుంచి "అందింది" అన్న కేక వినబడనిదే "నీ సరుకు సిద్ధం" అని ఎవరితోనూ అనడు.

ఆయన కొడుకు తేజేశ్వర్ 2009లో కడపలో ఒక చిన్న గేముల కంపెనీలో చేరాడు. ఆర్నెల్లు చూసి ఉద్యోగం ఖాయమని కాగితం ఇస్తామన్నారు. అది చేతికొస్తే ఇక తండ్రి అంగట్లో కూర్చోనక్కర్లేదు.

ఆటగాడి పాయింట్లను సర్వర్‌కు పంపే స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రాం, రాయడం అతనికి అప్పజెప్పారు. జవాబు వచ్చేదాకా ఆట ఆగకూడదు, ఆ స్క్రిప్టు ఒక్కటే ఆగాలి. చిన్నప్పటినుంచీ అంగట్లో చూసిందే గదా అనుకున్నాడు. ఆ ధీమాతోనే, పాయింట్లు పంపే కోడ్ లైనులో జవాబుకోసం ఆగమనే ఒక్క మాట రాయడం మరిచాడు. సర్వర్ పక్క బల్లమీదే ఉండడంతో జవాబు రెప్పపాటులో వచ్చేది. తప్పు బయటపడలేదు.

ఆట కొనేవాళ్లకు చూపించిన రోజు సర్వర్ హైదరాబాదులో ఉంది. తెరమీద "భద్రపరిచాం" అని పడగానే వాళ్లు ఆట మూశారు. మళ్లీ తెరిస్తే పాయింట్లు సున్నా.

వాళ్లు వెళ్లేదాకా యజమాని భూపేష్ నవ్వుతూనే ఉన్నాడు.

"ఏమప్పా శెట్టీ, ఆగేది మీ నాయన నేర్పలేదా? ఆ తలుపుకాడ నిలబడు. నేను పిల్చేదాకా."

గదిలో పనిచేసే పన్నెండుమంది తలలెత్తలేదు. సాయంత్రం, సరుకు కొనడానికి కడపకొచ్చిన అనంతయ్య కొడుకును చూసిపోదామని వచ్చాడు.

"ఈడ నిలబడినావేం రా?"

భూపేషే జవాబిచ్చాడు. "సరుకు చేరకముందే చేరిందని చెప్తాండాడు పెద్దాయనా, మీ వాడు."

"నిజమేనా?"

"ఒక్క మాట రాసేది మరిచినా నాయనా. దిద్దితే సరిపోతాది."

"దిద్దుపో," అన్నాడు భూపేష్.

తేజేశ్వర్ కూర్చుని దిద్దాడు. భూపేష్ రెండుసార్లు నడిపించి చూశాడు. పాయింట్లు పోలేదు.

"శానా బాగుండాది. ఇంక నువ్వు పో, రేపట్నుంచి రానక్కర్లే."

అనంతయ్య కొడుకును బస్సులో రాజంపేటకు తీసుకొచ్చాడు. దిగాక, "గల్లాకాడికి రావద్దు. గోడౌన్లో ఉండు," అన్నాడు.

మరునాడు పొద్దున మొదటి చీటీ వచ్చింది. తేజేశ్వర్ కందిపప్పు మూట ఎత్తిపెట్టి, "అందింది" అని కేకవేశాడు.

"చూసినావా, ఊరికే అంటాండావా?" అన్నాడు అనంతయ్య, అంగడి నిండా ఉన్నవాళ్లకు వినబడేలా.

ఆయన చనిపోయేదాకా, ప్రతి చీటీకీ అదే అడిగాడు.