రీజ్లింగ్ వైనుకి పులిహోర

ఎనభై నాలుగు మే నెలలో ఒక శుక్రవారం రాత్రి ఎనిమిదింటికి శాన్ హొసేలో సియాటిల్ రైలెక్కాను. ఒళ్ళో స్టీలు డబ్బా. అందులో ఆరుగురికి సరిపడా చింతపండు పులిహోర.

దీనంతటికీ కారణం గ్రెటా. సన్నీవేల్ ఆఫీసులో నా పక్క డెస్కు పిల్ల, ఈ దేశంలో నాకున్న ఒకే ఒక్క స్నేహితురాలు. పెళ్ళయి సియాటిల్ పక్కనున్న బాతెల్ వెళ్ళిపోయింది. జర్మనీలో వాళ్ళకి ద్రాక్షతోట ఉంది. వాళ్ళమ్మ సొంత వైను పట్టుకుని కూతుర్ని చూడ్డానికొచ్చింది.

"రీజ్లింగ్. తెల్లది, తీపి ఉండదు. దానికి నప్పే వంట తలా ఒకటి తేవాలి. మా అమ్మ ఇంతవరకూ నా స్నేహితుల్లో ఒక్కర్నీ మెచ్చుకోలేదు. నువ్వైనా నా పరువు నిలబెట్టు" అంది ఫోన్‌లో.

లైబ్రరీలో ఒక పుస్తకం తిరగేశాను. ఏటి చేప, పంది మాంసం, మేకపాల చీజ్ నప్పుతాయట. మరీ కారం పనికిరాదట, పులుపు ఫర్వాలేదట. పుల్లగా ఉండాలి, ఒక రోజు ప్రయాణానికి పాడవకూడదు. ఇంకేం ఆలోచించాలి?

స్టేషన్‌లో దింపుతూ అక్క మాత్రం, "పక్కవాళ్ళకి పెట్టకుండా ఒక్కదానివే తినకే, దిష్టి తగుల్తుంది" అంది.

పొద్దున ఏడింటికి కిటికీలో మంచుకొండ కనిపించింది. నా వాటా తిందామని డబ్బా మూత తీశాను. పక్క సీట్లో పోర్ట్‌లండ్ వెళ్తున్న పెద్దాయన. "తీసుకోండి" అన్నాను. మా గుంటూరు వైపు రైల్లో అలా అడగడం మర్యాద, వద్దనడం అంతకన్నా మర్యాద. ఆయన వద్దనలేదు. కాఫీ కప్పు ఖాళీ చేసి చాపాడు.

రెండు ముద్దలు తిని వెనక్కి తిరిగాడు. "మార్తా! ఇలా రా! ఈ పిల్ల పసుపురంగు అన్నం పెడుతోంది, ఇందులో వేరుశనగలున్నాయి!"

వెనక సీట్లోంచి ఆయన భార్య మార్తా వచ్చింది, ఆవిడ చెల్లెలూ వచ్చింది. పెట్టడం మొదలయ్యాక మారు అడక్కుండా ఉండటం నాకు చేతకాదు. నేను "ఇంకొంచెం?" అన్న ప్రతిసారీ వాళ్ళు "సరే" అన్నారు. మధ్యాహ్నం పోర్ట్‌లండ్‌లో దిగుతూ పెద్దాయన నాకో ఆపిల్ ఇచ్చాడు. డబ్బాలో నాలుగు చెంచాల పులిహోర, రెండు ఎండుమిరపకాయలు మిగిలాయి. డైనింగ్ కార్‌లో శాండ్‌విచ్ కొనుక్కుని తిన్నాను.

సాయంత్రం ఏడింటికి సియాటిల్. గ్రెటా కార్‌లో బాతెల్ తీసుకెళ్ళింది. బల్ల దగ్గర వాళ్ళమ్మ ఒక్కొక్క వంటా రుచి చూసి తీర్పు చెబుతోంది. ట్రౌట్ చేపకి వెన్న ఎక్కువ. పంది మాంసం చప్పన. తర్వాత నా డబ్బా.

"మిగతాది ఏదే?" గ్రెటా నా చెవిలో.

వాళ్ళమ్మ ఒక చెంచా తింది, ఒక గుక్క వైను తాగింది. కళ్ళు మూసుకుంది. "రుచి చూడ్డానికి ఎంత కావాలో అంతే తెచ్చింది. ఈ అమ్మాయికి పద్ధతి తెలుసు."

అక్కడ ఆగుంటే బావుండేది. ఆవిడ నాలుగు చెంచాలూ తినేసి, "ఇంకా?" అంది.

ధైర్యం కోసం నా గ్లాసు ఎత్తాను. వైనంటే అప్పటిదాకా నాకు చర్చిలో ఇచ్చే తియ్యటి చెంచాడు. ఇదేమో పచ్చిమామిడి కొరికినట్టుంది, ఆ వెంటనే హాయిగా ఉంది. రైలు సంగతంతా చెప్పేశాను. అందరూ నవ్వారు, ఆవిడ తప్ప.

"నా వైను కోసం వండినదాన్ని రైల్లో వాళ్ళకి మంచినీళ్ళతో పెట్టావా!"

ఆదివారం నన్ను పొయ్యి ముందు నిలబెట్టింది. అక్కడ చింతపండు దొరకలేదు, నిమ్మకాయ పిండాను. ఒక ముద్ద తిని గ్లాసు పక్కకి జరిపింది. "ఈ నిమ్మకాయా నా వైనూ ఒకే కుర్చీ కోసం కొట్టుకుంటున్నాయి." కాబట్టి ఇలాంటి విందుకి వెళ్ళేవాళ్ళు గుర్తుపెట్టుకోండి, చింతపండుదే పట్టుకెళ్ళాలి.

సోమవారం పొద్దున తిరుగు రైలు. ఉడికించిన బంగాళాదుంపలు పొట్లం కట్టి ఆవిడే స్టేషన్‌కొచ్చింది. "వచ్చే ఏడు మా ఊరు రా. ఈలోగా చింతగింజలు పంపు, తోట గట్టున నాటిస్తాను" అంది. గ్రెటా ఆవిడ వెనకనుంచి ఒప్పుకోమని నాకు దణ్ణం పెట్టింది. నేను తలూపాను.

రానూపోనూ రెండు రోజులు రైల్లో గడిపాను, పదిమందితో మాట్లాడాను. నాకది చాలా ఎక్కువ. ఇక మంచు కురిసేచోట చింతచెట్టు బతకదని ఆవిడకి ఉత్తరం రాయాలి. ఎదురుగా చెప్పడం నా వల్ల కాలేదు.