బాపు ఉమ్మి చెప్పిన సాక్ష్యం

నాలుగు పుస్తకాలు చదవగానే లోకంలోని జబ్బులన్నీ మనం కనిపెట్టడానికే దాక్కున్నాయనిపించే వయసు ఒకటుంటుంది. ఆ రోజుల్లో నాకు ఆ పిచ్చి బాగా ముదిరింది. కరీంనగర్ గ్రంథాలయంలో కిటికీ పక్క కుర్చీని దాదాపు సొంతం చేసుకున్నాను. డిగ్రీలో చదివింది లెక్కలు. జీవుల సంగతులను కంప్యూటరుతో తేల్చే బయోఇన్ఫర్మాటిక్స్ మాత్రం ఎవరూ చెప్పకుండా ఆ కుర్చీలో కూర్చుని నేర్చుకున్నదే. (కూర్చుని అన్నానే గాని, రెండు పేజీలకోసారి లేచి అల్మరాల చుట్టూ తిరిగేదాన్ని. "ఈ పిల్లకు కాళ్ళతో చదివే అలవాటు" అనేవాడు లైబ్రేరియన్ సారు.) ఆ చదువు చూసి, క్యాన్సర్ మీద పరిశోధన చేసే ఒక డాక్టరమ్మ నన్ను పనిలో పెట్టుకుంది. నోటి క్యాన్సర్ ఉన్నవాళ్ళ ఉమ్మినీ లేనివాళ్ళ ఉమ్మినీ పోల్చి, జబ్బును ముందే పట్టించే సూక్ష్మజీవులేమైనా ఉన్నాయా అని ఆవిడ వెతుకుతోంది. హైదరాబాదు ల్యాబువాళ్ళు ఉమ్మిలోని డీఎన్ఏను చదివి అక్షరాల వరసలుగా పంపిస్తే, ఏ వరస ఏ జీవిదో కంప్యూటరులో తేల్చడం నా వంతు.

నమూనాలకు మా బొగ్గుగనుల ఊరు బెల్లంపల్లిని మించిన చోటు లేదని నేనే చెప్పాను. బొగ్గు బాయిలో నిప్పు వెలిగించకూడదు, బీడీ ముట్టించే వీలుండదు. అందుకని నేను బాపు అని పిలిచే మా నాన్న తరం వాళ్ళంతా లోపల తంబాకు నమిలి బతికినవాళ్ళే. మా చర్చి పక్క గదిలో ఒక ఉదయం శిబిరం పెట్టాం. "లేచినకాడికెళ్లి ఏం తినొద్దు, నీళ్లు సుత తాగొద్దు, ట్యూబు నిండాలె" అని ముందురోజే ఇంటింటికీ తిరిగి చెప్పి వచ్చాను. మా బాపు, ఆయనతో చర్చిలో పాటలు పాడే రిటైరైన పెద్దమనుషులు మాత్రం ఆలస్యంగా, అందరూ కలిసి వచ్చారు. (కల్లు మానేశామని చర్చి సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పిన బృందం అది. ఆ సాక్ష్యం రోజున అవ్వ, అంటే మా అమ్మ, పెట్టెలోంచి పట్టుచీర తీసి కట్టుకుంది.) మిగతావాళ్ళు ఉమ్మి ఊరక అవస్థ పడుతుంటే, వీళ్ళు అంచుదాకా నింపి ఇచ్చారు. బాపు తన ట్యూబు పైకెత్తి, "సూసినవా బిడ్డా, బాయిల పనిచేసినోళ్ల దమ్ము" అన్నాడు. డాక్టరమ్మ ముందు నేను గర్వంతో పొంగిపోయాను.

కొన్ని వారాలకు ఫలితాలు వచ్చాయి. కంప్యూటరు తెర మీద ఒక్కో మనిషి ఒక్కో చుక్క. నోట్లో ఒకే రకం జీవులున్న చుక్కలు దగ్గరికి చేరతాయి. మా ఊరి చుక్కలన్నీ ఒక గుంపుగా కూర్చుంటే, కొన్ని మాత్రం అలిగినట్టు దూరంగా ఒక మూలకు పోయాయి. ఆ మూలలో ఉన్నవాళ్ళందరిలోనూ జైమోమోనాస్ అనే జీవి కుప్పతెప్పలుగా ఉంది. మరెవరిలోనూ మచ్చుకైనా లేదు. పేర్లకు బదులు అంకెలే ఉంటాయి గాని, పాటల బృందానికి వరసగా వేసిన అంకెలు, వాటిలో బాపు అంకె నాకు కంఠతా వచ్చు. బృందమంతా ఆ మూలలోనే ఉంది, బాపుతో సహా.

ఇటువంటప్పుడు ఆ జీవి మామూలుగా ఎక్కడ బతుకుతుందో ముందు చూడాలి. నేను చూడలేదు. గ్రంథాలయంలో క్యాన్సర్ పుస్తకాలన్నీ తిరగేసి, వాటిలో ఈ పేరు ఎక్కడా లేకపోయేసరికి, ఎవరికీ తెలియని క్యాన్సర్ గుర్తు నాకే చిక్కిందని తేల్చుకున్నాను. ఆ గుర్తు ఉన్నవాళ్ళలో బాపు కూడా ఉన్నాడని తట్టి, ఆ సంతోషం పుస్తకం మూసేదాకా కూడా నిలవలేదు. డాక్టరమ్మ సెలవులో ఉంది, ఫోను కలవలేదు. సంచి భుజాన వేసుకుని ఊరికి బస్సెక్కాను. సీటు ఖాళీగానే ఉన్నా దారిలో మంచిర్యాల దాకా నిలబడే పోయాను.

నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం చెడ్డ గుర్తని, మూడు వేళ్ళు నిలువుగా పట్టాలని చదివి ఉన్నాను. ఇంటికి చేరింది మొదలు అదే పని. టీ తాగబోతే నోరు తెరువు, తాగాక తెరువు, ఆవలిస్తే అట్లాగే ఉండు. "ఏందే, నా నోట్లె ఏమన్న బొగ్గు బాయి ఉన్నదా, లైటు వట్టుకొని దిగుతున్నవ్?" అన్నాడు బాపు. "జర ఒక్కకాడ కూసోవే. నిన్ను సూస్తుంటె నాకు పరేషాన్ అయితున్నది" అంది అవ్వ. కూర్చోలేదు. కూర్చుంటే ఆ మూల చుక్క కళ్ళ ముందుకొస్తోంది.

ఆదివారం చర్చి నుంచి వచ్చి బాపు అన్నం కలుపుకుంటుంటే మళ్ళీ టార్చి తీశాను. ఆయన ముఖం తిప్పుకోవడంతో వెలుతురు నోట్లో కాక పప్పులో పడింది. ఇక ఏడుపు ఆగలేదు.

"నీ ఉమ్మిల ఏదో ఉన్నది బాపు. మంచిది కాదేమో."

అవ్వ చేతిలోని గరిటె గిన్నె మీదే ఆగిపోయింది. బాపు ముఖం పాలిపోయింది. "నా ఒక్కనికేనా?" అన్నాడు.

"నీతోని పాటలు పాడెటోళ్లందరికి. ఇంకెవ్వరికి లేదు."

"ఎవ్వరికి లేదా?"

"లేదు."

బాపు ముఖంలోని భయం మెల్లగా కరిగింది. మూతి వంకర పోయింది. నవ్వు ఇదిగో వచ్చేస్తోందనగా ఆయన చూపు అవ్వ మీద పడింది, నవ్వు అక్కడికక్కడే ఎండిపోయింది. అవ్వను చూశాడు, ముక్కు తుడుచుకుంటున్న నన్ను చూశాడు, మళ్ళీ అవ్వను చూశాడు. చివరికి కంచం పక్కకు జరిపాడు.

"ఏడ్వకు బిడ్డా. గది రోగం గాదు. గది కల్లు."

అవ్వ గరిటె కింద పెట్టి ఆయన వైపు తిరిగింది. బాపు నాకే చెప్పుకుపోయాడు.

"పొద్దుగాలకెళ్లి నోరెండిపాయె. ట్యూబు నిండాలంటివి. కొత్త నౌకరి నీది, మేం ఉమ్మియ్యకుంటె డాక్టరమ్మ ముంగట నీ ఇజ్జత్ పోతదని, తోవల తాటిచెట్లకాడ జర గొంతు తడుపుకున్నం. నీళ్లు తాగొద్దన్నవ్ గని, కల్లు సంగతి నువ్వు చెప్పలే."

"గా ఒక్కనాడేనా?" అంది అవ్వ.

బాపు నోరు, నేను అడగకుండానే, మూడు వేళ్ళు పట్టేంత తెరుచుకుంది.

అప్పుడు ఫోనులో వెతికాను. జైమోమోనాస్ గురించిన మొదటి పేజీ మొదటి పేరాలోనే ఉంది, తాటికల్లును పులియబెట్టే జీవుల్లో అదొకటని. సెలవు నుంచి వచ్చిన డాక్టరమ్మ విని చాలాసేపు నవ్వింది, ఆపైన ఆ బృందం దగ్గర నమూనాలు మళ్ళీ తీయమంది. ఈసారి అవ్వే వాళ్ళందరినీ ముందు నడిపించుకుని వచ్చి, వాళ్ళ ఎదురుగా కుర్చీ వేసుకుని "ఇగ ఉమ్ముండ్రి" అంది. బాపు చుక్క మూల నుంచి లేచి వచ్చి ఊరివాళ్ళ మధ్య కుదురుగా కూర్చుంది. తరువాతి ఆదివారం ఆయన సంఘం ముందు సాక్ష్యం మళ్ళీ చెప్పాడు. మొదటిసారికంటే చాలా పొట్టిగా.

ఇప్పుడు ల్యాబులో కొత్తగా చేరినవాళ్ళు నన్ను మేడమ్ అంటారు. ఉమ్మి తీసుకునే ముందు అడిగే ప్రశ్నల్లో "కల్లు తాగిండ్రా?" అన్నది నేను చేర్చిందే. దాన్ని పెద్దమనుషులను పక్కకు పిలిచి, వాళ్ళ ఆడవాళ్ళకు వినపడకుండా అడగాలని కూడా నేర్పుతాను. టార్చి పట్టుకుని ఇల్లంతా తిరిగిన ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. దాన్ని బతిమాలి ఒకచోట కూర్చోబెట్టాలనిపిస్తుంది. కాని ఊరికి పోయినప్పుడల్లా, చెప్పులు విప్పకముందే, బాపు అరుగు మీద కూర్చుని తనంతట తానే నోరు తెరుస్తాడు. నేను లైటు వేసి చూస్తాను.

"ఏమున్నదే?" అంటాడు.

"ఏం లేదు బాపు" అంటాను. అన్నాక కూడా లైటు కాసేపు ఆర్పను.