సముద్రం అడుగున పొలం

తొరాబ్ మియాకు హావర్ అంటే వరిపొలమే. "పొలానికి ఈ పేరేమిటమ్మా?" అని చిన్నప్పుడు అడిగితే, తల్లి శుకుర్జాన్ నవ్వింది.

"సాగరమన్న మాటే మన నోళ్లలో నాని హావర్ అయిందిరా. నువ్వు దున్నేది సముద్రం అడుగు. వానల్లో వచ్చి తన చోటు తాను తీసుకుంటుంది."

ముసలితనంలో ఆమెకు ఒకటే కోరిక. "ఎండలున్నప్పుడే మీ నాన్న సమాధి పక్కన మట్టి పోసి ఎత్తు చెయ్యరా. శ్రావణంలో పోతే నన్నెక్కడ పెడతావు?"

"నన్ను సాగనంపిగానీ కదలవులే నువ్వు!" అని తొరాబ్ వేళాకోళమాడేవాడు. కోతలయ్యాక ఒళ్లు అలిసిపోయి, ఏటికేడు ఆ పని వాయిదా వేశాడు.

ఆమె శ్రావణంలోనే పోయింది. ఇల్లు మాత్రమే పట్టే దిబ్బ చుట్టూ కనుచూపుమేర నీళ్లు. తండ్రి సమాధి వాటి అడుగున ఉంది. తల్లిని పడవలో ఎక్కడో మెరక మీదున్న పరాయి ఊరి ఖబరస్తాన్‌కు తీసుకెళ్లాడు.

"హావర్‌లో పుట్టినవాడివి, ముందే మట్టి పోసుకోవద్దూ?" అన్నాడు అక్కడి ఖబరస్తాన్ కాపరి, గొయ్యి తవ్వుతూ.

చలికాలంలో నీళ్లు తీసి, మళ్లీ పొలం బయటపడింది. నాట్లు పక్కన పెట్టి, తండ్రి సమాధి పక్కన తట్టలతో మట్టి పోయసాగాడు తొరాబ్.

"ఇప్పుడెవరికి?" అంది భార్య మెల్లగా.

"అమ్మకే," అన్నాడు, తట్ట దించకుండానే.