పెనుకొండలో ఆగిపోయిన రైలు

మొగుడికి వేడివేడిగా సంగటి పెట్టాలనుకుని, ఆ సంగటిని బస్సెక్కించి ఊరు దాటించి, మొగుణ్ణి మాత్రం తాళం వేసిన తలుపు ముందు ఆకలితో కూర్చోబెట్టిన ఘనురాలిని నేను. నాకు సంతకం తప్ప రాయడం రాదు. నేను చెబుతుంటే కూతురు సరళ రాస్తోంది. నవ్వాపుకోలేక మాటిమాటికీ పెన్ను కింద పెడుతోంది. పెట్టనీ, ఈ ఘోరంలో దానికీ వాటా ఉంది.

అప్పట్లో ధర్మవరంలో మాకు మగ్గం ఉండేది. మా ఆయన వారానికోసారి హిందూపురం పోయి పట్టు నూలు తెచ్చేవాడు. ఆయనకు కడుపులో పుండు. వేళకు వేడిగా తినకపోతే మెలికలు తిరిగిపోతాడు. సెల్ ఫోను ఉంది గానీ, రైల్లో ఎవరైనా కొట్టేస్తారని దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసి పోయేవాడు! బండేమో ఏనాడూ వేళకు వచ్చేది కాదు. మరి సంగటి ఏ వేళకు కెలకాలో నాకెలా తెలియాలి?

కంప్యూటర్ చదువు చదువుతున్న సరళ, రైలు ఎక్కడుందో చూపించే పేజీ ఒకటి తయారు చేస్తోంది. రైళ్ల కబుర్లన్నీ తెలిసిన కంప్యూటర్ ఎక్కడో ఉంటుందట. మన పేజీ దాన్ని అడిగి తెచ్చుకోవాలట.

“మా, ఒకసారి అడిగి ఆ జవాబునే పది నిమిషాలు చూపించాల్నా? నువ్వు నొక్కినప్పుడే అడగాల్నా? లేకుంటే సెకనుకొకసారి దానంతటదే అడుగుతాండాల్నా?”

“పది నిమిషాలా? అంతలోకి సంగటి రాయైతాది. సెకనుకొకసారి అడగనీ. దాని నోరేమన్నా నొస్తాదా?”

“రోజుకు వెయ్యిసార్లే అడగనిస్తారు మా.”

“వెయ్యా! మీ నాయన్ని నేను ఏడాదికి గూడా అన్నిసార్లు అడగను.”

అబద్ధం. మధ్యాహ్నం లోపలే అడిగేదాన్ని. వెయ్యి సెకన్లంటే ఎంతసేపో అంత చదువు చదివే దానికీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

మరుసటి వారం సరళ పక్కింటి నెట్ సెంటర్లో నాకు పేజీ తెరిచిపెట్టి కాలేజీకి పోయింది. కాసేపటికి తెరమీద ‘పెనుకొండ’ అని వచ్చింది. కూడబలుక్కుని చదివి, ఇంటికి పరుగెత్తి సంగటి కెలికి మళ్లీ వచ్చాను. పెనుకొండే. ముప్పావు గంటైనా పెనుకొండే. బండి చెడిపోయింది, ఆయన ఆడ మెలికలు తిరుగుతున్నాడు! మా ఊరి స్టేషనుకు పోయి అడగొచ్చు కదా అంటారేమో. కంప్యూటరే చెబుతుంటే మనుషులతో పనేముంది? క్యారియర్ కట్టుకుని బస్సెక్కాను.

పెనుకొండ స్టేషన్లో పట్టాలు ఖాళీ. జెండా పట్టుకుని నిలబడిన రైల్వే ఆయన్ని అడిగాను.

“ఏమప్పా, హిందూపురం బండి యాడ పెట్టినారు?”

“అది పోయి గంటన్నరయిందమ్మా.”

“కంప్యూటర్లో ఈడే ఉండాదే!”

“అట్లయితే నేను యాడ దాచినానో గూడా దాన్నే అడుగమ్మా.”

ఇంటికొచ్చేసరికి ఆయన అరుగు మీద కడుపు పట్టుకుని కూర్చున్నాడు. పక్కన సరళ, తల వంచుకుని.

“సెకనుకొకసారి అడిగితే పావుగంటకే వెయ్యి అయిపోయినాయి మా. ఆ పైన వాళ్లు జవాబియ్యలేదు. పేజీ పాత జవాబునే పట్టుకుని కూచునింది.”

నేను తిట్లకు సిద్ధమయ్యాను. ఆయన నవ్వాడు. “ఇరవై ఏండ్లుగా అడుగుతాండావు, నేనెప్పుడన్నా జవాబు ఆపినానా? ఆ కంప్యూటరు పావుగంటకే చేతులెత్తేసిందా!” అని, గడ్డకట్టిన సంగటి ముద్దను చిదుముకుని తిన్నాడు. “పెనుకొండ చూసొచ్చిన సంగటి కదే, దీని రుచే వేరు.”

ఇప్పుడు ఏ బండి ఎక్కడుందో నా చేతిలోని ఫోనే చూపిస్తుంది. హిందూపురం బండి కూత వినిపిస్తే ఇప్పటికీ నా చెయ్యి తెడ్డు మీదికి పోతుంది. ఆయన జవాబు ఆపి ఆరేళ్లు. నా వెయ్యీ నేనే ముందుగా వాడేసుకున్నానేమో.

అందుకే పొయ్యి మీద ఒట్టు, ఇక ఎవరినీ సెకనుకొకసారి అడగను. రోజుకు ఒక్కసారే, సంగటి దించాక, ఫోటో వైపు తిరిగి, “యాడికొచ్చినావయ్యా?” అంటాను. ఒక్కసారే.

నిన్న మూడుసార్లు అడిగినావు కదమ్మా అంటోంది సరళ. అది రాయొద్దే.